పార్శిల్లో వచ్చిన పండ్ల మొక్కలు

కొరియర్లోనో పోస్టులోనో తెప్పించుకున్న పండ్ల మొక్క నాసిగా ఉండడానికి మూడు రకాల కారణాలుంటాయి. దారిలో దెబ్బతినడం ఒకటి. నర్సరీలోనే సరిగా తయారు కాకపోవడం రెండోది. చీటీ మీద ఒక పేరు, లోపల ఇంకో జాతి ఉండడం, లేదా వేళ్ళలో రోగం దాగి ఉండడం మూడోది. మొదటిది చాలావరకు నయమవుతుంది. రెండోది కొంతవరకే సరిపడుతుంది. మూడోదాని విషయంలో నీడా నీళ్ళూ ఏమీ చేయలేవు. చిక్కేమిటంటే, పెట్టె తెరిచిన రోజున కొన్నవాళ్ళను భయపెట్టేది మొదటి రకమే. ఆకులు రాలిపోయిన మొక్కను చూసి డబ్బు పోయిందని గోల పెడతారు. పచ్చగా, నిగనిగలాడుతూ వచ్చిన మొక్కను చూసి మురిసిపోతారు. నాలుగైదేళ్ళు గడిచాక చూస్తే, ఆ రోజు ఏడిపించిన మొక్క కాయలు కాస్తూ ఉంటుంది, మురిపించినది మోసం చేసి ఉంటుంది.

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని అరసికెరె లాంటి ఊళ్ళలో ఈ తేడాకు చెల్లించే ధర ఎక్కువ. పావగడ కర్ణాటకలో ఉన్నా దాని చుట్టూ చాలావరకు ఆంధ్రప్రదేశే. మాటా తెలుగే, వాన తీరూ అనంతపురానిదే. ఏడాది మొత్తానికి ఇంచుమించు 500 నుంచి 600 మిల్లీమీటర్ల వాన, ఎర్ర గరుసు నేల, మిగతాది బోరు దయ. మామిడి మొక్కలను పది మీటర్ల ఎడంతో పెడితే ఎకరాకు 40 మొక్కలు పడతాయి. మొక్కకు వారానికి 20 లీటర్ల చొప్పున పోసినా, 40 మొక్కలకు ఏడాదికి 41 వేల లీటర్లు దాటుతుంది. కాపుకొచ్చే దాకా, అంటే నాలుగేళ్ళకు, అది లక్షా 66 వేల లీటర్లు. మొక్క ధర వందో రెండు వందలో కావచ్చు. అసలు ఖర్చు ఈ నీళ్ళదీ, ఆ నాలుగేళ్ళదీ. అందుకే నాసి మొక్కను నేలలో పెట్టక ముందే పట్టుకోవాలి.

పార్శిల్లో మొక్కలు రావడం కొత్తేమీ కాదు. తపాలా శాఖ వి.పి. పార్శిళ్ళలో విత్తనాలు, రైలు పార్శిళ్ళలో అంటుమొక్కలు పాత రోజుల నుంచీ తిరిగేవి. అప్పట్లో కొనేవాళ్ళు నర్సరీ క్యాటలాగు చదివి ఉత్తరం రాసేవారు. ఇప్పుడు ఫోన్లో బొమ్మ చూసి నొక్కుతున్నారు. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి, బెంగళూరు చుట్టుపక్కల నుంచి, దూరాన పశ్చిమ బెంగాల్ ఉత్తర 24 పరగణాల నుంచి కూడా ఇక్కడికి మొక్కలు చేరుతున్నాయి. చిరునామా దగ్గరే ఒక చిన్న జాగ్రత్త ఉంది. హాసన్ జిల్లాలోనూ ఒక అరసికెరె ఉంది, అది పేరున్న రైల్వే జంక్షన్, కొబ్బరికాయలకు పెద్ద మార్కెట్టు. తాలూకా పేరూ పిన్ కోడూ స్పష్టంగా రాయకపోతే పార్శిల్ అటు తిరిగి ఇటు వస్తుంది. పుస్తకాలైతే పరవాలేదు. మొక్కకు ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

చీకటి పెట్టెలో మూడు నుంచి ఏడు రోజులు ఉన్న మొక్కకు వెలుతురు అందదు, గాలి ఆడదు, వేడి పెరుగుతుంది. ఆకులు వదిలే ఎథిలీన్ వాయువు బయటికి పోలేక లోపలే చేరి, ఆకులను పసుపు పచ్చగా మార్చి రాల్చేస్తుంది. దీన్ని చూసి మొక్క చచ్చిందనుకోనక్కరలేదు. ఆకు తనంతట తాను రాలాలంటే కొమ్మలో ప్రాణం ఉండాలి. కాడ మొదట్లో కణాలు పనిచేస్తేనే ఆకు విడిపోతుంది. అందుకే ఆకులన్నీ రాలి బోడిగా మిగిలిన కొమ్మ కంటే, ఎండిన ఆకులు గట్టిగా అంటుకుని ఉన్న కొమ్మే ఎక్కువ అనుమానించదగినది. బొటనవేలి గోటితో బెరడును కాస్త గీకితే నిజం తెలుస్తుంది. అడుగున తడిగా, పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే అక్కడి వరకు పోయినట్టు. కొస నుంచి కిందికి గీక్కుంటూ వచ్చి, పచ్చదనం మొదలైన చోటుకు కాస్త దిగువన, కణుపు పైన కత్తిరించాలి. అంటు కట్టిన చోటుకు పైభాగంలో పచ్చదనం ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ మొక్కకు ఆశ ఉన్నట్టే.

కవరు మొక్కలను పంపేటప్పుడు బరువు తగ్గించడానికి కొందరు సగం మట్టి దులిపి, కొబ్బరి పొట్టు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో బిగిస్తారు. దానిమ్మ కొంతవరకు ఓర్చుకుంటుంది. ఆకు ఎప్పుడూ పచ్చగా ఉండే మామిడి, సపోటా ఓర్చుకోలేవు. ఉత్తర రాష్ట్రాల నుంచి చలికాలంలో వచ్చే ఆపిల్ మొక్కల సంగతి వేరు. ఆకులు రాలి నిద్రలో ఉన్నప్పుడు మట్టి లేకుండా వట్టి వేళ్ళతో పంపడమే వాటికి సరైన పద్ధతి. వాటి వేళ్ళు వంచితే వంగాలి, పుటుక్కున విరగకూడదు. రాగానే నాలుగైదు గంటలు నీళ్ళలో నానబెట్టి, వెంటనే తడి ఇసుకలో పాతాలి. రాత్రంతా, మర్నాడంతా బకెట్లో వదిలేస్తే వేళ్ళకు గాలి అందక కుళ్ళు మొదలవుతుంది.

కవరు మొక్కలకు ఆసుపత్రి లాంటి చోటు ఒకటి కావాలి. వేప చెట్టు నీడో, సగం ఎండను ఆపే పచ్చ వలో సరిపోతుంది. పెట్టె విప్పిన వెంటనే ఎండలో పెట్టకూడదు. ఎరువు వేయకూడదు. దెబ్బతిన్న వేళ్ళు ఎరువును తీసుకోలేవు, పైగా ఆ ఉప్పుకు మాడిపోతాయి. మట్టి ముద్ద తడిసేదాకా ఒకసారి నిదానంగా నీళ్ళు పోసి, ఆ తర్వాత వేలు పెట్టి చూసి ఆరితేనే మళ్ళీ పోయాలి. ఆకులు ఎక్కువగా ఉండి వేళ్ళు తక్కువగా ఉంటే సగం ఆకులను సగానికి కత్తిరించాలి. ప్రయాణాన్ని తట్టుకున్న మొక్కలు చాలాసార్లు ఇంటికి చేరాకే చస్తాయి, అదీ నీళ్ళు లేక కాదు. జాలిపడి రోజూ పోసే నీళ్ళ వల్ల. రెండు మూడు వారాల్లో కొత్త చిగురు కనిపించి, ఆ ఆకు ముదిరితే మొక్క కోలుకున్నట్టు. చిగురు వచ్చి వాడిపోతే పని కాలేదు. కొమ్మలో నిల్వ ఉన్న బలంతో చిగురు పుట్టింది, వేళ్ళు మాత్రం కదలలేదు.

రెండో రకం లోపాలు నర్సరీలో పుట్టినవి. వీటిని చూడాలంటే కవరు విప్పక తప్పదు. పది మొక్కలు వస్తే ఒకటి రెండైనా కవరు చీల్చి, మట్టి కొద్దిగా కడిగి చూడడం నష్టమేమీ కాదు. చిన్న కవర్లో ఏళ్ళ తరబడి ఉన్న మొక్క తల్లివేరు అడుగు తగిలి వంకర తిరుగుతుంది, పక్క వేళ్ళు కవరు గోడ వెంట చుట్టలు చుట్టుకుంటాయి. అలాంటి మొక్క మొదటి రెండేళ్ళు బాగానే ఎదుగుతుంది. కాండం లావెక్కేకొద్దీ ఆ చుట్టలే దాని మెడకు ఉరి బిగిస్తాయి. ఇంకో ప్రమాదం గాలి. జూన్, జులై నెలల్లో ఈ ప్రాంతంలో వీచే పడమటి గాలికి తల్లివేరు సరిగా దిగని చెట్టు వాలిపోతుంది. పక్కవేళ్ళ చుట్టలు లేతగా, పెన్సిలు కంటే సన్నగా ఉంటే బ్లేడుతో ముద్ద చుట్టూ మూడు నాలుగు చోట్ల నిలువుగా కోసి, అడుగున చుట్టను తీసేసి నాటవచ్చు. తల్లివేరే ముదిరి కొక్కెంలా వంగి ఉంటే ఆ మొక్క నాటడం దండగ. పొడవైన మొక్కకే ఎక్కువ ధర పలకడం నర్సరీ వ్యాపారంలో ఉన్న పెద్ద వింత. చిన్న కవర్లో ఐదడుగుల మొక్క అంటే లోపల వేరు ఎంత ముడుచుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు. అడుగున్నర, రెండడుగుల లేత అంటుమొక్కే నేలలో ముందుగా నిలదొక్కుకుంటుంది.

తర్వాత చూడాల్సింది అంటు. కింద ఉన్నది టెంక నుంచి మొలిచిన నాటు మొక్క, దాన్ని వేరుమూలం అంటారు. పైన కట్టినది మేలు జాతి చెట్టు కొమ్మ. మామిడిలో నేలకు ఒక జానెడు ఎత్తులో వి ఆకారపు మచ్చో, వాలుగా కోసి అతికిన గుర్తో కనిపించాలి. పైబెరడుకూ కింది బెరడుకూ రంగులో, నునుపులో కాస్త తేడా ఉంటుంది. అసలు అంటే కట్టకుండా టెంక మొక్కకు ప్లాస్టిక్ పట్టీ చుట్టి అంటుమొక్కగా అమ్మడం తెలిసిన మోసమే. పట్టీ విప్పి చూస్తే బయటపడుతుంది. నిజంగా కట్టిన అంటు అయినా, అతుకు మానాక పట్టీ విప్పేయాలి. విప్పకపోతే కాండం లావయ్యేకొద్దీ అది బెరడులోకి దిగి కోసేస్తుంది. అతుకు కింది నుంచి వచ్చే ప్రతి చిగురునూ గిల్లేయాలి. పార్శిల్లో పైకొమ్మ చచ్చి, కింది నాటు చిగురు ఏపుగా లేస్తే, మొక్క బతికిందని సంబరపడి పెంచినవారికి చివరికి పుల్లటి పీచు కాయలే మిగులుతాయి.

చీనీ తోటలకు అనంతపురం పెట్టింది పేరు. అక్కడి రైతుకు వేరుమూలం సంగతి బాగా తెలుసు. సాతగుడి చీనీకి జంబేరి కంటే రంగపూర్ నిమ్మ వేరుమూలమే మేలని తిరుపతి నిమ్మజాతి పరిశోధనా స్థానం ఏనాడో తేల్చింది. ఆన్‌లైన్ ప్రకటనల్లో పండు బొమ్మ ఉంటుంది, తీపి గురించి రాస్తారు, కింద ఏ వేరు ఉందో మాత్రం ఎవరూ రాయరు. అడిగితే చెప్పలేని అమ్మకందారు దగ్గర చీనీ మొక్క కొనకపోవడం మంచిది.

పేరు మోసం ఇంతకంటే లోతైనది. మొక్క దశలో ఆకు చూసి జాతిని కచ్చితంగా చెప్పడం అనుభవమున్న నర్సరీ వాళ్ళకే కష్టం. ఈ మధ్య మియాజాకీ అన్న పేరుతో మామిడి మొక్కలు విపరీతంగా అమ్ముడవుతున్నాయి. మియాజాకీ ఒక జాతి పేరు కాదు, జపాన్లో ఒక ప్రాంతం పేరు. అక్కడ పండించేది ఎక్కువగా ఇర్విన్ అనే మామిడి. అది పుట్టింది అమెరికాలోని ఫ్లోరిడాలో. అక్కడివాళ్ళు దాన్ని గాజు, ప్లాస్టిక్ ఇళ్ళలో పెంచి, ఒక్కో కాయకూ వల కట్టి, పండి రాలి వలలో పడేదాకా ఆగుతారు. 350 గ్రాములకు తగ్గకుండా, తీపి 15 డిగ్రీలకు తగ్గకుండా ఉన్న పండ్లకే ‘తైయో నో తమాగో’ అన్న ముద్ర వేస్తారు. లక్షల ధర వార్తలన్నీ ఆ ముద్రవే. అంటే నిజమైన ఇర్విన్ మొక్కే పార్శిల్లో వచ్చినా, పావగడ ఎండలో ఆ ధరా రాదు, ఆ పండూ రాదు. నిజమైనది రాకపోతే సంగతి చెప్పనే అక్కరలేదు. ఆపిల్‌దీ అదే దారి. మామూలు ఆపిల్ జాతులకు చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి ఇంచుమించు వెయ్యి గంటలు కావాలి. తక్కువ చలితో కాసే అన్నా, డోర్సెట్ గోల్డెన్, హిమాచల్ రైతు హరిమన్ శర్మ పెంచిన హెచ్ఆర్ఎంఎన్-99 లాంటివి ఉన్న మాట నిజం. ‘ఎక్కడైనా కాసే ఆపిల్’ అని మాత్రమే రాసి, ఏ జాతో రాయని మొక్కను కొనడమంటే కేవలం బొమ్మను కొనడమే.

ఖర్జూరంలో మోసం అవసరమే లేదు, ప్రకృతే ఆ పని చేస్తుంది. గింజ నుంచి మొలిచిన ఖర్జూర మొక్కల్లో ఇంచుమించు సగం మగవే. పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. పిలకనో టిష్యూ కల్చర్ మొక్కనో తప్ప గింజ మొక్కను తోట కోసం కొనకూడదు.

తల్లిచెట్టు ఎక్కడుందో చెప్పగలగడం జాతికి అసలైన హామీ. తుమకూరు జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. గుబ్బి తాలూకా చేళూరులో ఒక రైతు తోటలోని పనస చెట్టుకు రాగి ఎరుపు తొనలతో, రెండున్నర కిలోల చిన్న కాయలు కాస్తాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, అంటే ఐఐహెచ్ఆర్, దాన్ని సిద్ధు అన్న పేరుతో గుర్తించి, 2017లో ఆ రైతుతో ఒప్పందం చేసుకుంది. అంటు మొక్కలు తయారుచేసి అమ్మగా వచ్చే డబ్బులో నాలుగింట మూడు వంతులు రైతుకే. ఇక్కడ చెట్టు ఉంది, ఊరు ఉంది, ఎవరు అంటు కట్టారో లెక్క ఉంది. ఎర్ర పనస అని మాత్రమే రాసిన పార్శిల్ మొక్కకు ఈ మూడింటిలో ఏదీ ఉండదు.

అన్నింటికంటే ప్రమాదం వేళ్ళతో వచ్చే రోగం. ఎందుకంటే అది ఆ మొక్కతో ఆగదు. జామలో మెలాయిడోగైన్ ఎంటరోలోబీ అనే నులిపురుగును మన దేశంలో మొదట 2016లో తమిళనాడులో గుర్తించారు. ఆ తర్వాత అది నర్సరీ మొక్కల మట్టితో పాటే రాష్ట్రాలు దాటింది. వేళ్ళ మీద గుళ్ళుగుళ్ళుగా బుడిపెలు, పైన ఆకులు ఎర్రబారడం, రెండు మూడేళ్ళలో చెట్టు నిలువునా ఎండిపోవడం దాని తీరు. పైకి ఏపుగా ఉన్న జామ మొక్క వేళ్ళకు కూడా ఈ బుడిపెలు ఉండవచ్చు. అందుకే జామ మొక్కల్లో ఒకటి రెండింటి వేళ్ళు కడిగి చూడకుండా తోట పెట్టకూడదు. దానిమ్మకు వచ్చే బాక్టీరియా మచ్చతెగులు కూడా నాటే మొక్కలతోనే పాకింది. అనంతపురం నుంచి ఉత్తర కర్ణాటక దాకా ఎన్నో దానిమ్మ తోటలను రైతులు నరికేయాల్సి వచ్చింది ఆ తెగులు వల్లే. లేత ఆకుల మీద నూనె చుక్కలా నీరు నిండిన మచ్చలు, చుట్టూ పసుపు అంచు, కాండం మీద నల్లటి పగుళ్ళు కనిపిస్తే ఆ మొక్కను మిగతావాటి పక్కన ఒక్క రాత్రి కూడా ఉంచకూడదు. ఇలాంటి మొక్కలను మట్టితో సహా కాల్చేయాలి. పెంటకుప్పలో వేయకూడదు, కాలువలో పారేయకూడదు. ఆ కవరు మట్టి పారబోసిన చోట ఆ పంట పెట్టకూడదు. కొత్తగా వచ్చిన ప్రతి పార్శిల్ మొక్కనూ మూడు నాలుగు వారాలు తోటకు దూరంగా ఉంచడం ఇందుకే. కోలుకోవడానికి పెట్టిన నీడ ఈ పనికీ పనికొస్తుంది.

డబ్బు వెనక్కి రావాలంటే మొదటి గంటే ముఖ్యం. పార్శిల్ మీద చీటీ కనిపించేలా పెట్టె తెరుస్తూ వీడియో తీయాలి. మొక్కలు, వేళ్ళు, అంటు మచ్చ, పేరు చీటీ ఫొటోలు తీయాలి. ప్రకటనలోని బొమ్మనూ అందులో రాసిన మాటలనూ భద్రం చేసుకోవాలి, ఎందుకంటే అవి తర్వాత మారిపోతాయి. ఫోన్లో అరిచి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకం వేదికల ఫిర్యాదు అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపం ఉన్న సరుకును, చెప్పిన వర్ణనకు సరిపోని సరుకును వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫలించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాళ్ళు ఎంత దూరాన ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్ళు తాము నివసించే చోటే కేసు వేయవచ్చు. అరసికెరెవాళ్ళు బెంగాల్ దాకా పోనక్కరలేదు, తుమకూరు చాలు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు.

రైతు వినియోగదారుడు కాడు, వ్యాపారం కోసం కొన్నాడు అన్న వాదన మామూలుగా వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ రైతులకూ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కూ మధ్య నడిచిన నాసి విత్తనాల కేసులో సుప్రీంకోర్టు 2012లో ఆ వాదనను తోసిపుచ్చింది. విత్తనాలన్నీ చేలో చల్లేసిన రైతును పరీక్షకు నమూనా తెమ్మని అడగడం న్యాయం కాదని కూడా చెప్పింది. 1966 విత్తన చట్టంలో విత్తనం అన్న నిర్వచనంలోనే అంట్లు, నారు, కొమ్మ ముక్కలు చేరి ఉన్నాయి, కాబట్టి ఆ తీర్పు మొక్కలు కొన్నవారికీ ఆసరాయే. ఆంధ్రప్రదేశ్ 2010లో ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక చట్టం చేసింది. జాతీయ ఉద్యాన బోర్డు నర్సరీలకు నక్షత్రాల గుర్తింపు ఇస్తుంది. పార్శిల్ పంపే నర్సరీకి ఈ రెండింట్లో ఏదైనా ఉందా అని కొనేముందే అడగాలి. జాతి మోసం విషయంలో ఒక చిక్కు మిగిలే ఉంది. కేసుకు గడువు కారణం ఏర్పడినప్పటి నుంచి రెండేళ్ళు. మామిడి కాయ కాసి జాతి తేలేసరికి నాలుగేళ్ళు దాటుతుంది. గడువు కొన్న రోజు నుంచా, కాయ చూసిన రోజు నుంచా అన్న వాదన వస్తుంది. అందుకే బిల్లు మీద ‘మామిడి మొక్కలు’ అని కాక జాతి పేరుతో రాయించుకోవడం, దాన్ని పారేయకుండా దాచుకోవడం తప్పనిసరి.

వడపోతలో నిలిచిన మొక్కలను ఎప్పుడు నాటాలన్నది తర్వాతి మాట. పుస్తకాలు జూన్, జులై అంటాయి. పావగడ, అనంతపురం ప్రాంతంలో అవి గాలి నెలలు, వాన అంతంతమాత్రం. అసలు వాన ఆగస్టు చివర్లో, సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. నీడలో కోలుకున్న పార్శిల్ మొక్కకు సెప్టెంబరే మంచి నెల. ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన మొక్కను ఎవరెంత తొందరపెట్టినా నేలలో పెట్టకుండా పెద్ద కవర్లోకి మార్చి నీడలో ఆపాలి.

కడియం వైపు నుంచి వచ్చే మొక్కల మట్టి గోదావరి ఒండ్రు. జిగురు మట్టి ముద్దను ఎర్ర గరుసు నేలలో పెడితే రెండింటికీ పొత్తు కుదరదు. ఆరినప్పుడు ముద్ద గట్టిపడి చుట్టూ చీలిక వస్తుంది. పోసిన నీళ్ళు ఆ చీలిక వెంట గరుసులోకి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. పాదంతా తడిగా కనిపిస్తూనే మొక్క ఎండిపోతుంది, రైతుకు కారణం అంతుపట్టదు. ముద్దను నాటే ముందు నీళ్ళలో నాననిచ్చి, వేళ్ళు తెగకుండా బయటి మట్టిని చేత్తో రాల్చి, గుంత మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. మొదటి నెలల్లో డ్రిప్పు చుక్క ముద్ద మీదే పడాలి, పక్కన కాదు. అతుకు నేలకు పైనే ఉండాలి. పడమటి వైపు కర్ర పాతి వదులుగా కట్టాలి. వేరుశనగ పొట్టు పాదులో కప్పితే తడి నిలుస్తుంది, అయితే ఎర్రనేలలో చెదలు ఉంటాయి గనుక పొట్టు కాండానికి బెత్తెడు ఎడంగా ఉండాలి. మొదటి మూడేళ్ళ పూతను తుంచేయాలి.

పైకొమ్మ చచ్చి కింది వేరుమూలం బతికిన మొక్కను పారేయడం తొందరపాటు. మెట్ట నేలల్లో ముందు నాటు మొక్కను నేలలో నిలబెట్టి, తర్వాత అక్కడే అంటు కట్టడం శాస్త్రవేత్తలు సిఫారసు చేసే పద్ధతే. మామిడి, రేగు, చింత, జీడిమామిడి అన్నింటికీ అది నప్పుతుంది. మంచి తల్లివేరు ఉన్న మొక్కయితే దాన్ని నాటి, ఒకే చిగురును పైకి లేపి, పెన్సిలంత లావయ్యాక వానాకాలంలో ఊళ్ళోనే బాగా కాసే చెట్టు కొమ్మతో లేత కొమ్మ అంటు కట్టించుకోవాలి. కొమ్మ ఇచ్చే చెట్టు కాయను అందరూ తిని చూసిందే కాబట్టి జాతి మీద అనుమానం ఉండదు. తుమకూరు దగ్గర హిరేహళ్ళిలో ఐఐహెచ్ఆర్ ప్రయోగ కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. అంటు కట్టడం నేర్చుకోవాలన్నా, నమ్మకమైన కొమ్మలు కావాలన్నా అడగదగిన చోట్లు అవి.

నాలుగైదేళ్ళు పెంచాక కాయ చూసి జాతి వేరని తెలిసిన మామిడి చెట్టుకూ ఇదే మార్గం. వేరు అప్పటికే నేలలో దిగి ఉంటుంది. పీకి కొత్త మొక్క పెడితే ఆ వేరూ పోతుంది, ఆ నీళ్ళ ఖర్చంతా మళ్ళీ మొదలవుతుంది. ఎండలు ముదరక ముందే నడుమెత్తున రంపంతో కోసి, కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. ఒక కొమ్మను ఊపిరి కోసం వదలాలి. కోసిన మోడు నుంచి లేచే చిగుళ్ళలో దూరదూరంగా ఉన్న నాలుగైదింటిని ఉంచి మిగతావి తీసేయాలి. వానలు పడ్డాక వాటికి అంట్లు కట్టాలి. అవి పట్టాక వదిలిన కొమ్మను కూడా తీసేయాలి. కొత్త కొమ్మలు గాలికి అతుకు దగ్గర విరుగుతాయి గనుక మొదటి ఏడాది కర్రలకు కట్టి ఉంచాలి. పెద్ద వేరు బలం ఉన్నందువల్ల రెండు మూడేళ్ళకే కాపు మొదలవుతుంది. జామ, నేరేడు, సీతాఫలాలకు కూడా ఇలా తల మార్చవచ్చు. చీనీలో కింది వేరుమూలం ఆరోగ్యంగా ఉంటేనే ఆ శ్రమ. బంక కారుతూ ఉంటే చెట్టును తీసేయడమే. ఖర్జూరానికి అంటు కుదరదు. మగ చెట్లని తేలినవాటిలో కొన్నింటిని పుప్పొడి కోసం ఉంచుకోవాలి. చేత్తో అద్దితే ఆ కొద్ది చెట్లే తోటంతటికీ సరిపోతాయి. మిగతావి తీసేసి, ఆ చోట ఆడ చెట్టు నుంచి వేరుచేసిన పిలకను నాటుకోవాలి.